కొండగెడ్డలకు గుర్రపుడెక్క రానీయకుండుట



గోదావరి, కృష్ణా డెల్టాలకు కూలికో, చుట్టపుచూపునకో పోయివచ్చినవారు అచ్చటి మురుగుకాలువలపై దట్టముగా పరచుకొనియుండు ఒక పచ్చని మొక్కను తప్పక చూచియుందురు. దూరమునుండి చూచువానికి అది కాలువయని తోచదు, పచ్చికబయలని తోచును. నడుమనడుమ ఊదారంగు పూలగుత్తులు నిలిచి కన్నులకు మిక్కిలి యింపుగా నుండును. దీనినే గుర్రపుడెక్క యందురు. కొల్లేటిసరస్సునందును ఇది చాలకాలముగా బలిసియున్నది. ప్రతి సంవత్సరము కాలువలలో దీనిని తీయించుటకు ధనము వెచ్చించుచునే యున్నారు, మరుసటి సంవత్సరము అది తిరిగి వచ్చుచునే యున్నది.

అరకులోయయందు గాని, అనంతగిరి, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు ప్రాంతములందు గాని ఈ మొక్క గెడ్డలను ఆక్రమించినదని నేను చెప్పుటలేదు. ఆక్రమించిన పిమ్మట వ్రాసిన వ్యాసమువలన ప్రయోజన మల్పము. రాకమునుపే వ్రాయుటకు ఒక ముఖ్యకారణము గలదు. మైదానమునందు ఈ మొక్క నీటివెంట పోవును. ఎగువ గ్రామమువాడు తన కాలువను విడిచిపెట్టినచో దిగువవాడు ఎంత కష్టపడినను ఫలము లేదు. మనకు ఎగువ గ్రామము లేదు. మన గెడ్డలు మన కొండల యూటలలోనే పుట్టుచున్నవి. నీరు కొండ యెక్కదు, దాని వెంట తేలియాడు మొక్కయు తానై కొండ యెక్కజాలదు. అది యిచ్చటికి వచ్చినయెడల ఎవరో ఒకరి చేతిమీదుగనే రావలెను. డెల్టా రైతునకు లేని యీ సౌకర్యము మనకు గలదు.

అట్లే మనవలన చెడినచో చెడుపు చాలదూరము పోవును. గోస్తనీనది అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహలగుండ దిగి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణమువద్ద సముద్రమున గలియుచున్నది. తాటిపూడి నీరు విశాఖపట్టణమునకు త్రాగునీరు. ఇటు మాచ్‌ఖండ్ నది మాడుగుల కొండలనుండి బయలుదేరి జోలాపుట్టు జలాశయమున నిలిచి, డుడుమవద్ద దుమికి, బలిమెల దాటి సీలేరను పేర శబరిలో గలియును. శబరి కూనవరమువద్ద గోదావరిని జేరును. ముంచంగిపుట్టు ప్రక్క గెడ్డలో పడిన ఒక్క పిలక ధవళేశ్వరము ఆనకట్టవరకు పోవుటకు దారి తెరచియే యున్నది.

ఎత్తు, చలి మనలను కాపాడునా?

"ఇది పల్లపుదేశపు మొక్క, మన చలికి బ్రదుకదు" అని కొందరందురు. ఇది పొరపాటు. మనకు పొరుగున, ఇదే కొండల వరుసలో, ఒడిశాలోని జయపురమున్నది. 1936 వరకు అదియు మన విశాఖపట్టణము జిల్లాలోనిదే. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మహాదాతయైన విక్రమదేవవర్మగారి రాజధాని యగుటచే తెలుగువారందరికి పరిచితమైన పట్టణము. ఆ పట్టణముననున్న జగన్నాథసాగరమను పెద్దచెరువును గుర్రపుడెక్క పట్టి పీడించినది. అరకు మీదుగా పోవు కిరండూలు రైలు జయపురము మీదుగనే పోవును. అనగా ఆ మొక్క మనకు ఒక పూట ప్రయాణములో నున్నది.

ఇంకను ఎత్తు కావలెనన్న నీలగిరులను జూడుడు. ఉదకమండలము సముద్రమట్టమునకు రెండువేల మీటర్లకు పైబడిన యెత్తుననున్నది. అరకులోయ దానిలో సగమెత్తైనను లేదు. ఆ ఉదకమండలపు చెరువులో సైతము గుర్రపుడెక్క పెరుగగా తీయించవలసివచ్చినది. లంబసింగి చలిగాలికి దీని ఆకులు మాడినను మాడవచ్చును. కాని నీటిలోనున్న మొదలు చావనంతవరకు ఎండ రాగానే అది తిరిగి చిగుర్చును.

ఎక్కడినుండి వచ్చినది?

దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము. పూవు అందము జూచి ముచ్చటపడి తోటలలో పెంచుటకు మనుష్యులే దీనిని దేశదేశములకు గొనిపోయిరి. పంతొమ్మిదవ శతాబ్ది చివర బంగాళమునకు వచ్చినది. అచ్చట కచూరిపానా యనిరి. మొదటి ప్రపంచయుద్ధకాలమున, శత్రువులే దీనిని తెచ్చి విడిచిరని పుకారు పుట్టి జర్మనుపానా యనియు పేరు వచ్చినది. వరిపొలములు, పడవదారులు, చేపలపట్టు అన్నియు దెబ్బతినుటచే 1936లో బంగాళ ప్రభుత్వము దీనికొరకే ప్రత్యేకముగా ఒక చట్టము చేసినది. తన భూమిలో ఈ మొక్క నుంచుకొనుట నేరమయ్యెను. 1937 ఎన్నికలలో దీనిని నిర్మూలింతుమనుట ఒక వాగ్దానమై, ఫజ్లుల్ హక్ మంత్రివర్గము జనులను వేలకొలదిగా కాలువలలోనికి దింపినది. చట్టమును, మంత్రులును, వేల చేతులును కూడినను బంగాళము నేటికిని ఆ మొక్కనుండి విముక్తి పొందలేదు.

ఎందుకు పొందలేదో లెక్కవేసినచో తెలియును. అనుకూలమైన నీటిలో ఒక మొక్క రెండువారములలో రెండగును. ఒక్కొక్కప్పుడు అంతకంటె త్వరగా నగును. ఉగాదినాడు కుంటలో ఒక మొక్క పడినదనుకొనుడు. దసరావరకు సుమారు 28 వారములు. అప్పటికి లెక్కప్రకారము 16,384 మొక్కలగును. ఇంకొక విషయము: కుంట సగము నిండినట్లు కనబడిననాడు, నిండుటకు మిగిలిన గడువు రెండువారములే. "ఇంకను సగము నీరు కనబడుచున్నది గదా" యనుకొన్నవాడు మోసపోవుటకు కారణ మిదియే. దట్టముగా పట్టిన యెకరము నీటినుండి నూరు టన్నుల పచ్చిమొక్కను లాగవలసివచ్చుట యరుదు గాదు. అందులో నూటికి తొంబదివంతులు నీరే. మోయువాని నడుము ఆ సంగతి చెప్పగలదు.

ఎట్లు గుర్తింపవలెను?

మొదట ఒక సామాన్యమైన ఉపాయము చెప్పెదను. మన కొండలలో తెలుగు, ఆదివాసీ ఒడియా, కువి మొదలగు భాషలు మాటలాడు ఆడువారు గెడ్డయొడ్డున ఆకుకూర లేరుకొనుటలో ఆరితేరినవారు. నీటిలోగాని బురదలోగాని ఒక క్రొత్తమొక్క కనబడినపుడు ముందు ఊరిలోని ముసలమ్మల నడుగుడు. వారిలో ఎవ్వరును దానికి పేరు చెప్పలేకపోయినచో అది పరదేశపు మొక్కయని మొదట అనుమానింపవలెను. పుస్తకములు పట్టుకొని తిరుగు నావంటివానికంటె వారి సాక్ష్యము త్వరగా దొరకును.

ఇక గుర్రపుడెక్క లక్షణములు. ఇది నేలలో నాటుకొనకయే నీటిపై తేలును. ఆకు గుండ్రముగా, దళసరిగా, నిగనిగలాడుచుండును. ఆకుకాడ మధ్య ఉబ్బి బుడగవలె నుండును. దానిని చీల్చిన లోపల దూదివలె మెత్తని, గాలి నిండిన గుల్ల కనబడును. అయితే మొక్కలు ఒత్తుగా పెరిగిన చోట ఈ బుడగ యుండదు. కాడలు సన్నముగా మోకాలెత్తు లేచును. బుడగ లేదని మోసపోరాదు. అట్టిచోట వేరును చూడవలెను. నీటిలో వ్రేలాడు వేళ్ళు ఈకలవలె గుబురుగా నలుపు కలసిన ఊదారంగున నుండును. మొక్కకు మొక్కకు నడుమ తాడువంటి పిలకతీగ యుండును. ఒకటి లాగిన నాలుగు వచ్చును. పూవునకు ఆరు రేకులు, లేత ఊదారంగు. పైరేకుపై నెమలికన్నువంటి పసుపుమచ్చ. ఈ మచ్చ యున్నచో ఇక సందేహము లేదు.

మన తామర, కలువలకు వేరు బురదలో నుండును, పొడుగైన కాడతో ఆకు నీటిపైకి వచ్చును. తామరాకు, కలువాకు జూచి భయపడి పీకివేయకుడు. పల్లపు వరిమళ్ళలో నీలిపూలతో మొలచు ఒక చిన్న కలుపుమొక్క గలదు. అది గుర్రపుడెక్క కులములోనిదే గాని మనదేశపుది, బురదలో నాటుకొని యుండును, కాడకు బుడగ యుండదు, గెడ్డలను ముంచదు. కలుపు తీయునపుడు తీసినచో చాలును.

అంతరతామరను గుర్తించుట సులభము. క్యాబేజీ విడివడినట్లు ఆకులు గుండ్రముగా అమరి నీటిపై తేలును. ఆకుపై నూగు, పొడవునా చాళ్ళవంటి ఈనెలు నుండును. దీని వేళ్ళనంటి పెరుగు ఒకజాతి దోమపిల్లలు నీటిపైకి రాకయే వేరును గ్రుచ్చి గాలి పీల్చును. కేరళయందు బోదకాలు వ్యాధిని వ్యాపింపజేసినవానిలో ఈ దోమ యొకటి.

సాల్వీనియా యను మూడవ మొక్క ఫెర్ను జాతిది, పూవు పూయదు. బ్రెజిలునుండి వచ్చినది, కేరళమున ఆఫ్రికాపాయలని పిలుతురు. ఆకులు జంటజంటలుగా నుండును. ఒత్తుగా పెరిగినపుడు తెరచిన పుస్తకమువలె మధ్యకు మడతపడి నిలుచును. ఆకుపై సన్నని రోమములుండుటచే నీటిబొట్టు వేసిన తడియక జారిపోవును. దీనికి విత్తనము లేదు, కాని వ్రేలెడు ముక్క విరిగిపడినను అది వేరుమొక్క యగును. వరిమడికి ఎరువుగా వేయు అజోల్లాను దీనితో పొరపడవలదు. అజోల్లా మిక్కిలి చిన్నది, పెసరబద్దలు చల్లినట్లుండును, ఎండకు ఎర్రబారును, మడి యెండగానే నశించి నేలకు బలమిచ్చును.

నాలుగవదానిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది, ఏలయన అది మన కూరగంపలోనికే చొరబడగలదు. ఇంగ్లీషువారు దానిని మొసలిపేరుతో అల్లిగేటరు కలుపందురు. నేను గ్రామములకు పోవునపుడు వీని చిత్రపటములనే చూపుదును గాని మొక్కలను గొనిపోను. చూపుటకు దెచ్చినదే జారిపడి నాటుకొనవచ్చును గదా. ఒకచోట ఆ పటమును జూచి ఆకుకూరలమ్ము ముసలమ్మ, "బాబూ, ఇది మా పొన్నగంటి కాదా?" యనెను. ఆమె తప్పు లేదు. రెండును ఒక్క కులములోనివే. 1990 ప్రాంతములలో ఆస్ట్రేలియాయందు స్థిరపడిన సింహళ కుటుంబములవారు తమ ప్రియమైన పొన్నగంటికూర యనుకొని పెరళ్ళలో ఈ కలుపునే పెంచి తినుచుండిరని అచ్చటి అధికారులు కనుగొని, వెదకి వెదకి తీయించి, బదులు వేరొక ఆకుకూర నిచ్చిరి. భేదమేమనగా, పొన్నగంటికి తెల్లనిపూలు ఆకుమొదటనే కాడలేకుండ అంటుకొనియుండును. కలుపుమొక్కకు పూలచెండు వేరుగా పొడుగైన కాడచివర నిలుచును. దాని కొమ్మను విరిచిన లోపల గొట్టమువలె బోలుగా నుండును. ఇది నీటిమీదను, మెట్టమీదను పెరుగును. ముక్క మిగిలిన తిరిగి మొలచును.

ఏ చేతిమీదుగా కొండ యెక్కును?

అన్నిటికంటె నాకు భయము చేపపిల్లల సంచులవలన. సేద్యపు కుంటలు, చెక్‌డ్యాములు ఏర్పడిన పిమ్మట చేపలు పెంచుకొను సభ్యులు పెరిగిరి. ఇది మేలైన పనియే. పిల్లలు మైదానమునుండి నీరు నింపిన సంచులలో వచ్చును. ఆ నీటిలో సాల్వీనియా ముక్కయో, గుర్రపుడెక్క విత్తనమో యున్నను కంటికి కనబడకపోవచ్చును. కావున సంచిని విప్పి కుంటలో గ్రుమ్మరింపరాదు. సంచిని కట్టుమీదనే పావుగంట, ఇరువదినిమిషములు కుంటనీటిపై తేలనిచ్చి, వేడిమి సమమైన తరువాత సన్నకన్నుల వలలోనుండి వడగట్టి, పిల్లలను శుభ్రమైన నీరున్న బకెట్టులోనికి దీసి, అందులో ఆకుముక్క లేదని చూచి కుంటలో విడువవలెను. సంచినీటిని గెడ్డకు దూరముగా ఎండుగరువుపై పారబోయవలెను. దీనికి పట్టు కాలము అరగంట.

రెండవది అలంకారము. అరకులో యాత్రికుల విడుదులు పెరిగినవి. ముంగిట నీటితొట్టి, అందులో ఊదాపూలు నుంచవలెనని ఎవరికైనను కోరిక పుట్టవచ్చును. అద్దపుతొట్లలో చేపలు పెంచువారు విసుగుపుట్టి తొట్టిని గెడ్డలో గుమ్మరించుటయు కలదు. విడుదులవారు మన సంఘ సభ్యులు కారు. కాని వారివద్ద తోటపని చేయువారు మన పిల్లలే. వారికి ఈ పూవును గుర్తించుట నేర్పినయెడల, తొట్టిలోనే దానిని పట్టుకొనవచ్చును.

పనిముట్ల సంగతి క్లుప్తముగా చెప్పెదను. వల, పడవ, ఆయిలింజను గొట్టము మైదానపు చెరువునుండి వచ్చినచో బురద కడిగి, ముక్కలేరి, రెండుమూడు దినములు మంచియెండలో ఎండనిచ్చి, ఆ తరువాతనే మన నీటిలో దింపవలెను. పశువుల గిట్టల బురదలోను విత్తనము రావచ్చును గాని దానిని ఆపుట సాధ్యము గాదు, సాధ్యమైనవానినైనను ఆపుదము.

ఇంకొక దారి గలదు, అది మంచిమాట వేషమున వచ్చును. గుర్రపుడెక్కతో బుట్టలల్లవచ్చుననియు, ఎరువు చేయవచ్చుననియు, పశువులకు మేపవచ్చుననియు చెప్పువారుందురు. ఇవి యబద్ధములు గావు. బంగాళాదేశమున బరిశాలు ప్రాంతపు రైతులు ఈ మొక్కలను తెప్పవలె పేర్చి వానిపై కూరగాయలు పండింతురు. అయినను అది ఇంటిలో దూరిన దొంగచేత నీళ్ళు మోయించుకొనుట వంటిది. దొంగ లేని యింటికి వానిని పిలుచుకొని రావలసిన పని లేదు.

కనబడినచో

ఆ దినమే తీయవలెను. నాలుగు మొక్కలను ఒక్కడు తీయగలడు. ఆలస్యమైనచో పదిమంది కావలెను. దిగువవైపున గెడ్డకు అడ్డముగా వల కట్టి, ఆ పిమ్మట ఎగువనుండి తీయుచు రావలెను. లేనిచో విరిగిన ముక్కలు నీటివెంట దిగిపోవును. తీసినదానిని వాననీరు అందని మెట్టపై, వేళ్ళు పైకి వచ్చునట్లు తలక్రిందులుగా పరచి యెండబెట్టవలెను. పూయని మొక్కలను ఎండిన తరువాత గోతిలో వేసి యెరువు చేయవచ్చును. పూచినవానిని ఎరువు చేయక కాల్చివేయుట మంచిది, ఏలయన గోతివేడిమికి విత్తనము చావకపోవచ్చును.

మందులు చల్లుదమా యని అడుగుదురు. వలదని నా అభిప్రాయము. మన గెడ్డనీరు త్రాగునీరు. మందుచేత చచ్చిన మొక్క నీటిలోనే క్రుళ్ళి, నీటిలోని ప్రాణవాయువును హరించి, చేపలను చంపును. చిన్న కుంటకు చేయియే మేలు.

దీనిని తిను పురుగులును గలవు. గుర్రపుడెక్కను మాత్రమే తిను ముక్కుపురుగులను 1980 తరువాతి సంవత్సరములలో బెంగుళూరికి దెప్పించి, పరీక్షించి, విడిచిరి. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో ఇట్టి పురుగులను 1995 మొదలు విడువగా కొన్ని సంవత్సరములలో మొక్క చాలవరకు తగ్గినది. సాల్వీనియాకు వేరొక ముక్కుపురుగు గలదు. 1983 నుండి దానిని విడిచిన పిమ్మట కేరళ రైతులకు గొప్ప మేలు కలిగినది. అయితే ఇవి పెద్దచెరువులలో, మొక్క విస్తారముగా నున్నచోట, సంవత్సరముల తరబడి పనిచేయునవి. వేసవికి ఎండిపోవు మన కుంటలలో వానిని నమ్ముకొని కూర్చుండుట తగదు.

సంఘము చేయదగినది

చేపపిల్లలను ఒక్కొక్కరు విడివిడిగా కొనక సంఘము పేర ఒకేసారి తెప్పించుకొన్నచో, వడగట్టు పనిని ఒకేచోట, ఒక తొట్టిలో, తెలిసినవారి యెదుట జరిపించవచ్చును. పది కుంటలవద్ద పదిమందిని నమ్ముటకంటె ఇది సులభము, వలయు నొకటి చాలును. అమ్మువానితో బేరమాడునపుడే, సంచిలో ఆకు కనబడినచో తిప్పిపంపుదుమని చెప్పవలెను. ప్రతి గ్రామమునుండి ఇద్దరు, అందులో ఒకరు ఆకుకూర లెరిగిన స్త్రీ, నెలకొకసారి కుంటలు, చెక్‌డ్యాములు చుట్టి వచ్చి సమావేశమున చెప్పునట్లు నియమింపుడు. సందేహమున్న మొక్కను సంతకు తేకుడు. ఫొటో తీసి, చింతపల్లి వ్యవసాయ పరిశోధనాస్థానమువారికి గాని, మీ మండల వ్యవసాయాధికారికి గాని పంపుడు.

ఒకసారి పూచి కాయగాచిన చోటును మాత్రము చాలకాలము మరువరాదు. పూవు వాడగానే కాడ వంగి నీటిలో మునిగి అచ్చటనే విత్తనమును రాల్చును. ఆ విత్తనము బురదలో పదునైదు, ఇరువది సంవత్సరములు బ్రదికియుండగలదు. నీరు తగ్గి బురదపై వెలుతురు పడినపుడు మొలచును. కావున మాఘ ఫాల్గుణములలో కుంటయొడ్డు బురద తేలిన దినములే చూచుటకు తగిన దినములు. అప్పటి మొలక గుర్రపుడెక్కవలె నుండదు. సన్నని పట్టెలవంటి ఆకులతో గడ్డిమొలకవలె నుండును, బుడగకాడలు తరువాత వచ్చును. బురదలోనుండగా రెండువ్రేళ్ళతో పెరికివేయవచ్చును. తొలకరి నీరు నిండినచో అది లేచి తేలును.